పాత వీడియో క్యాసెట్ డిజిటల్ చేస్తుంటే క్వాలిటీ ఎక్కడ పోతుంది? ఎలా కాపాడుకోవాలి?

ఈరోజు టాపిక్ మీ ఇంట్లో అటక మీదో, బీరువా పైనో ఉండే ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ క్యాసెట్, పక్కన స్టిక్కర్ మీద బాల్ పెన్నుతో "పెళ్లి, పార్ట్ 2" అని రాసి ఉంటుంది. మీ అమ్మానాన్నల పెళ్లి కావచ్చు, మీ అక్క ఓణీల ఫంక్షన్ కావచ్చు, మీ అన్నప్రాసన కూడా కావచ్చు. దాన్ని ఫోన్‌లో చూసుకునేలా మార్చాలి, అది కూడా మంచి క్వాలిటీతో. ఎలా?

సింపుల్‌గా చెప్పాలంటే, ఒక వీసీఆర్, ఒక కేబుల్, ఒక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, ఒక ల్యాప్‌టాప్ ఉంటే పని అయిపోతుంది. కానీ ఇలా చేసిన పది వీడియోలు చూస్తే, వాటిలో ఎనిమిది టేప్‌లో ఉన్నదానికన్నా అధ్వానంగా ఉంటాయి. మొహాలు మైనం బొమ్మల్లా, నడిచే మనిషి చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు, పెళ్లికూతురు అడ్డంగా సాగిపోయి... ఇవన్నీ టేప్ తప్పులు కాదు. మనం మార్చే పద్ధతిలో వచ్చిన తప్పులు. ఏ స్టెప్‌లో ఏం పోతుందో తెలిస్తే చాలావరకు ఆపొచ్చు.

ఎందుకు ఇప్పుడే?

రెండు కారణాలు. ఒకటి, టేప్ పాడవుతుంది. ప్లాస్టిక్ రిబ్బన్ మీద అయస్కాంత పొడిని ఒక జిగురుతో అంటించి చేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు బలహీనపడుతుంది, సిగ్నల్ తగ్గుతుంది. మన కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బూజు కూడా పడుతుంది.

రెండోది, మెషిన్లు అయిపోతున్నాయి. వీహెచ్‌ఎస్‌ని జేవీసీ కంపెనీ 1976లో జపాన్‌లో తెచ్చింది. జపాన్‌లోనే ఫునై అనే కంపెనీ చివరివరకూ వీసీఆర్‌లు తయారు చేసి, 2016 జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు మీకు దొరికేది ఏదైనా సెకండ్ హ్యాండే. రిపేర్ చేసే మెకానిక్‌లు కూడా తగ్గిపోతున్నారు. టేప్ బాగానే ఉండి, ఆడించే మెషిన్ లేకపోతే ఏం లాభం? అందుకే ప్రతి క్యాసెట్‌కీ "ఇదే చివరిసారి ప్లే చేయడం" అనుకొని పని చేయండి.

టేప్‌లో అసలు ఏముంది?

బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇది నచ్చుతుంది. చదవనివాళ్లు కూడా భయపడొద్దు, ఈజీనే.

వీహెచ్‌ఎస్ టేప్ వెడల్పు అర అంగుళం. వీసీఆర్ లోపల ఒక గుండ్రటి డ్రమ్ తిరుగుతూ ఉంటుంది, మన పాల్ సిస్టమ్‌లో నిమిషానికి 1500 సార్లు. దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న హెడ్‌లు ఉంటాయి. టేప్ మాత్రం సెకనుకి 2.3 సెంటీమీటర్లే, చాలా నెమ్మదిగా కదులుతుంది. హెడ్ వెళ్లిన ప్రతిసారీ టేప్ మీద ఏటవాలుగా ఒక సన్నటి గీత చదువుతుంది. ఆ గీత వెడల్పు దాదాపు 49 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుకంత.

లెక్క చూడండి. నిమిషానికి 1500 అంటే సెకనుకి 25 చుట్లు. రెండు హెడ్‌లు కాబట్టి సెకనుకి 50 గీతలు. ఒక్కో గీతలో ఉండేది సగం బొమ్మ. దీన్నే ఫీల్డ్ అంటారు. ఒక ఫీల్డ్‌లో 1, 3, 5 ఇలా బేసి లైన్లు, తర్వాతి ఫీల్డ్‌లో 2, 4, 6 ఇలా సరి లైన్లు. దీని పేరు ఇంటర్‌లేసింగ్. ఈ 50 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

ఇంకో విషయం. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం సుమారు 240 లైన్లే. రంగుల వివరం అంతకన్నా చాలా తక్కువ, అందుకే ఎర్ర చీర రంగు అంచు దాటి పక్కకి కారినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా "మీ క్యాసెట్‌ని ఫుల్ హెచ్‌డీ చేసిస్తాం, ఫోర్‌కే చేసిస్తాం" అంటే, లేని వివరం ఎక్కడినుంచి తెస్తారు అని అడగండి. మన పని హెచ్‌డీ చేయడం కాదు. టేప్‌లో ఉన్నది ఉన్నట్టు, ఏమీ పోకుండా బయటికి తీయడం.

ముందు క్యాసెట్‌ని గుర్తుపట్టండి

అన్ని క్యాసెట్లూ ఒకటి కాదు. పుస్తకం సైజులో ఉన్నది మామూలు వీహెచ్‌ఎస్. దానిలాగే చిన్నగా ఉంటే వీహెచ్‌ఎస్-సీ, దానికి ఒక అడాప్టర్ ఉంటుంది, అందులో పెట్టి మామూలు వీసీఆర్‌లో ఆడించొచ్చు. ఆడియో క్యాసెట్ సైజులో కాస్త లావుగా ఉండి "8" అని గుర్తు ఉంటే అది వీడియో8 లేదా హై8. దీనికి వీసీఆర్‌లో పెట్టే అడాప్టర్ అనేదే లేదు, ఎవరైనా అమ్ముతామంటే నమ్మకండి. టేప్ వెడల్పూ వేరు, రికార్డింగ్ పద్ధతీ వేరు. ఆ రకం క్యామ్‌కార్డరే కావాలి.

ఇంకా చిన్నగా, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉంటే మినీడీవీ. ఇది అదృష్టం, ఎందుకంటే అందులో ఉన్నది ముందే డిజిటల్. దీన్ని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో క్యాప్చర్ చేయొద్దు. క్యామ్‌కార్డర్‌కి ఫైర్‌వైర్ అనే పోర్ట్ ఉంటుంది, దాని ద్వారా తీస్తే టేప్‌లోని డేటా యథాతథంగా కంప్యూటర్‌లోకి కాపీ అవుతుంది. గంటకి సుమారు 13 జీబీ. కొత్త ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్ట్ రావడం లేదు కాబట్టి, పాత డెస్క్‌టాప్‌లో ఒక ఫైర్‌వైర్ కార్డ్ వేసుకోవడం తేలిక.

అమెరికాలో ఉండే బంధువులు పంపిన క్యాసెట్ అయితే ఇంకో చిక్కు. అది పాల్ కాదు, ఎన్‌టీఎస్‌సీ. సెకనుకి 25 బదులు దాదాపు 30 ఫ్రేములు, లైన్లు కూడా తక్కువ. దానికి మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. క్యాప్చర్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో కూడా వీసీఆర్ ఏ సిగ్నల్ బయటికి ఇస్తోందో అదే ఎంచుకోవాలి. లేకపోతే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో రావడం, దొర్లిపోవడం జరుగుతుంది.

ప్లే నొక్కే ముందు

మొదట క్యాసెట్ వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి. అది లేకపోతే ఎవరూ పొరపాటున కూడా దాని మీద రికార్డ్ చేయలేరు. చాలా ఇళ్లలో పెళ్లి క్యాసెట్ మీద సీరియల్ రికార్డ్ అయిపోవడానికి కారణం ఆ ముక్కే.

తర్వాత క్యాసెట్ కిటికీలోంచి టేప్ చుట్టని టార్చ్ లైట్ వేసి చూడండి. తెల్లగానో బూడిద రంగులోనో పొడి మచ్చలు ఉంటే అది బూజు. అలాంటి క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌లకి అంటుతుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా పాకుతుంది, టేప్ తెగే ప్రమాదమూ ఉంది. దాన్ని వేరే కవర్‌లో పెట్టి, టేప్ శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

బూజు లేదనుకుంటే, ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్లతరబడి ఒకేలా చుట్టుకొని ఉన్న టేప్ పొరలు కొంచెం విడిపోయి, బిగువు సమానం అవుతుంది. దీనివల్ల ప్లే చేసేటప్పుడు బొమ్మ వణకడం తగ్గుతుంది.

వీసీఆర్ విషయానికొస్తే, మీ పెళ్లి క్యాసెట్‌తో దాన్ని టెస్ట్ చేయకండి. పోయినా పర్లేదు అనుకునే ఏదో పాత సినిమా క్యాసెట్ పెట్టి, పావుగంట ఆడించండి. టేప్ నలుగుతోందా, శబ్దం వస్తోందా చూడండి. బొమ్మ మీద మంచు కురిసినట్టు ఉంటే హెడ్‌లకి మురికి పట్టినట్టు. శుభ్రం చేయాలంటే ప్లగ్ తీసేసి, మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పోగులు రాలని మెత్తటి గుడ్డ గానీ షామోయ్ గానీ డ్రమ్‌కి ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ పైభాగాన్ని నెమ్మదిగా తిప్పండి. తిరగాల్సింది డ్రమ్, గుడ్డ కాదు. పైకీ కిందకీ రుద్దారంటే హెడ్ విరిగిపోతుంది, ఇంక ఆ వీసీఆర్ పని అయిపోయినట్టే. దూది పుల్లలు అసలు వాడొద్దు, పోగులు హెడ్‌లో ఇరుక్కుంటాయి. ఆరేదాకా ఆగి అప్పుడు క్యాసెట్ పెట్టండి. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లడం నయం.

ట్రాకింగ్ అనే బటన్ లేదా నాబ్ ఉంటుంది. హెడ్ సరిగ్గా ఆ వెంట్రుకంత గీత మీదే నడుస్తోందా అన్నది దీనితో సరిచేస్తాం. ఆటో మోడ్ చాలాసార్లు బాగానే పట్టుకుంటుంది. లేదంటే గీతలు అతి తక్కువ కనిపించేదాకా చేత్తో తిప్పండి. వీసీఆర్ మెనూలో షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టొద్దు, మధ్యలో ఉంచండి. "ఎడిట్" అనే మోడ్ ఉంటే అదే పెట్టండి. స్క్రీన్ మీద "ప్లే" అనే అక్షరాలు రాకుండా ఆపడం మర్చిపోవద్దు, లేకపోతే అవి కూడా మీ వీడియోలో శాశ్వతంగా ఉండిపోతాయి.

కేబుల్‌తో తేడా ఉంటుందా?

ఉంటుంది. వీసీఆర్ వెనక సాధారణంగా రెండు రకాల వీడియో అవుట్‌లు ఉంటాయి. పాత టీవీ యాంటెన్నా పిన్‌లా ఉండేది ఒకటి, పసుపు పిన్ ఒకటి. యాంటెన్నాది వాడొద్దు. పసుపు పిన్ని కాంపోజిట్ అంటారు. కొన్ని మంచి మోడల్స్‌లో, ముఖ్యంగా ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లలో, ఎస్-వీడియో అనే గుండ్రటి నాలుగు పిన్నుల పోర్ట్ కూడా ఉంటుంది. అది ఉంటే అదే బెస్ట్.

ఎందుకంటే, టేప్ మీద వెలుగు సమాచారం, రంగు సమాచారం విడివిడిగా రికార్డ్ అయి ఉంటాయి. ఎస్-వీడియో వాటిని విడివిడిగానే పంపుతుంది. కాంపోజిట్ రెండింటినీ కలిపి ఒకే వైర్‌లో పంపుతుంది, అవతల క్యాప్చర్ పరికరం మళ్లీ వాటిని విడదీయాలి. పప్పూ బియ్యం కలిపేసి మళ్లీ ఏరడం లాంటిది, ఎంత బాగా ఏరినా కొన్ని గింజలు అటూ ఇటూ అవుతాయి. అంచుల దగ్గర చుక్కలు పాకడం, రంగులు మెరవడం అందుకే. మీ వీసీఆర్‌లో ఎస్-వీడియో లేదంటే బాధపడక్కర్లేదు, కాంపోజిట్‌తోనూ బాగా చేయొచ్చు. కేబుల్ మాత్రం పొట్టిగా, గట్టిది చూసుకోండి.

అసలు విలన్: టైమింగ్

పెళ్లి మండపం స్తంభం నిటారుగా ఉండాలి కదా, పాత వీడియోల్లో అది పాములా మెలికలు తిరుగుతుంది. ఎందుకు? పాల్‌లో ఒక్కో లైన్‌కి 64 మైక్రోసెకన్ల టైమ్. వీసీఆర్ అంటే మోటార్లు, రోలర్లు, సాగే టేప్. ఒక లైన్ కాస్త ముందు మొదలవుతుంది, ఇంకోటి కాస్త వెనక. పాత డబ్బా టీవీ ఈ తేడాతో పాటు సర్దుకుపోయేది. కంప్యూటర్ క్యాప్చర్ పరికరం సర్దుకోదు. లైన్ వంకరగా వస్తుంది, సిగ్నల్ మరీ చెడితే ఫ్రేమ్‌ని పూర్తిగా వదిలేస్తుంది. ఫ్రేములు పోతే కొంతసేపటికి మంత్రం ఒకచోట, పురోహితుడి పెదాలు ఇంకోచోట.

దీనికి మందు టీబీసీ, అంటే టైమ్ బేస్ కరెక్టర్. కొన్ని జేవీసీ, పానసోనిక్ ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లలో ఇది లోపలే ఉంటుంది. విడిగా కొనాలంటే ఖరీదు. కానీ ఒక ఉపాయం ఉంది. కొన్ని పాత డీవీడీ రికార్డర్లలో, ఉదాహరణకి పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 మోడల్స్‌లో, వీసీఆర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని సరిచేసే సర్క్యూట్ ఉంటుంది. వీసీఆర్‌ని దాని ఇన్‌పుట్‌కి కలిపి, దాని అవుట్‌పుట్‌ని క్యాప్చర్ పరికరానికి కలపండి. డిస్క్ మీద రికార్డ్ చేయక్కర్లేదు, సిగ్నల్ దాని గుండా వెళ్తే చాలు, స్తంభాలు నిటారుగా నిలబడతాయి. దానికి ఎస్-వీడియో అవుట్ ఉంటే క్యాప్చర్ వైపు అదే వాడండి. మీ చుట్టాల ఇంట్లో పాత డీవీడీ రికార్డర్ ఏదైనా మూలన పడి ఉంటే, పారేసేముందు ఒకసారి కలిపి చూడండి.

క్యాప్చర్ పరికరం, సెట్టింగ్స్

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆన్‌లైన్‌లో ఏవీ టు హెచ్‌డీఎంఐ అనే చిన్న డబ్బా దొరుకుతుంది. దాన్ని హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డ్‌కి కలిపితే వీడియో వస్తుంది, నిజమే. కానీ చవక డబ్బాలు ఆ 50 ఫీల్డ్‌లని మోటుగా కలిపేస్తాయి, 4:3 బొమ్మని 16:9కి సాగదీస్తాయి, పైగా సైజ్ పెంచుతాయి. అది అయ్యాక సరిచేయడం కష్టం. టీవీలో ప్లే చేసి ఫోన్‌తో షూట్ చేయడం దీనికన్నా ఘోరం.

కావాల్సింది, కంప్రెస్ చేయకుండా సిగ్నల్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ పరికరం. హాపాజ్ కంపెనీ యూఎస్‌బీ-లైవ్2 లాంటివి. ఈజీక్యాప్ పేరుతో దొరికే వాటిలో ఒకే డబ్బాలో రకరకాల చిప్‌లు వస్తాయి, కాబట్టి ఐదు నిమిషాల టెస్ట్ చేసి చూడకుండా నమ్మొద్దు.

సాఫ్ట్‌వేర్‌కి విండోస్‌లో వర్చువల్‌డబ్ ఉంది, ఫ్రీ. సెట్టింగ్స్ రాసుకోండి:

సిస్టమ్: పాల్-బీ. సైజ్: 720 బై 576. ఫ్రేమ్ రేట్: 25. కలర్ ఫార్మాట్: వైయూవై2. వీడియో కోడెక్: హఫ్‌వైయూవీ లేదా లగరిత్, ఈ రెండూ ఏమీ పోనివ్వని కోడెక్‌లు. ఆడియో: 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, కంప్రెషన్ లేకుండా. డీ-ఇంటర్‌లేస్: ఆఫ్.

ఇలా చేస్తే గంటకి సుమారు 30 నుంచి 40 జీబీ అవుతుంది. "అంతా?" అంటారు. ఇది మీ నెగటివ్ లాంటిది, తర్వాత ఎన్ని ప్రింట్లు కావాలన్నా దీంట్లోంచే తీసుకోవాలి. రికార్డ్ చేసే డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. వైఫై, అప్‌డేట్స్, స్లీప్ మోడ్ అన్నీ ఆపేసి, క్యాప్చర్ అయ్యేదాకా ల్యాప్‌టాప్‌ని ముట్టుకోకండి.

మొదలుపెట్టేముందు టేప్‌లో అన్నిటికన్నా తెల్లగా ఉన్న సీన్ పెట్టండి. పెళ్లి వీడియోలో కష్టం లేదు, నాన్నగారి పంచె ఉంటుంది, వీడియోగ్రాఫర్ లైట్ దాని మీదే పడుతుంది. పంచె మడతలు కనిపించాలి. అంతా ఒకే తెల్ల ముద్దలా ఉంటే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ తగ్గించండి. ఒకసారి కాలిపోయిన తెలుపు మళ్లీ తిరిగిరాదు.

అయిపోయాక డ్రాప్డ్ ఫ్రేమ్స్ లెక్క చూడండి. గంటకి 90,000 ఫ్రేములు ఉండాలి. ఒకటీ అరా పోతే ఫర్వాలేదు. వందల్లో పోతే టైమింగ్ సమస్య ఉన్నట్టు, టీబీసీ గానీ డీవీడీ రికార్డర్ గానీ మధ్యలో పెట్టి మళ్లీ చేయండి.

శబ్దాన్ని వదిలేయకండి

అందరూ బొమ్మ గురించే మాట్లాడతారు. మా అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌లో మా నాయనమ్మ ఒకేచోట, ఓ 40 సెకన్లు కనిపిస్తుంది. ఎవరినో పిలిచి ఏదో అంటుంది. కానీ వినపడేది సినిమా పాట. అప్పటి మిక్సింగ్ పద్ధతి అదే కదా, అసలు శబ్దం తీసేసి పాటలు వేసేవాళ్లు. ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

అందుకే ఒక విషయం చెప్తున్నా. వీహెచ్‌ఎస్‌లో రెండు రకాల ఆడియో ఉండొచ్చు. టేప్ అంచున ఉండే మామూలు ట్రాక్ ఒకటి, బొమ్మతో పాటు రికార్డ్ అయ్యే హై-ఫై ట్రాక్ ఒకటి. వీసీఆర్‌లో ఆడియో డబ్ బటన్‌తో పాట వేస్తే అది అంచు ట్రాక్ మీదే పడుతుంది, హై-ఫై ట్రాక్‌ని చెరపదు. కాబట్టి మీది అసలు షూటింగ్ టేపే అయి, కెమెరా హై-ఫై అయితే, హై-ఫై వీసీఆర్‌లో ఆడియో అవుట్‌ని మార్చి విని చూడండి. పాట కింద దాక్కున్న మాటలు వినపడే అవకాశం ఉంది. మా క్యాసెట్ కాపీ టేప్, అందుకే అందులో లేవు. మీ ఇంట్లో ఎడిట్ చేయని టేపులు విడిగా ఉంటే, ముందు వాటినే డిజిటల్ చేయండి. మిక్సింగ్ చేసిన క్యాసెట్ కన్నా అవే విలువైనవి, ఒక తరం కాపీ తక్కువ కాబట్టి బొమ్మ కూడా బాగుంటుంది.

ఆ 50 ఎక్కడ పనికొస్తుందంటే

ఇప్పుడు నెగటివ్ రెడీ. ఫోన్‌లో చూడటానికి చిన్న ఫైల్ చేయాలి. ఫోన్ స్క్రీన్ ఇంటర్‌లేస్ చూపించలేదు, కాబట్టి ఇక్కడ డీ-ఇంటర్‌లేస్ చేయాలి. చాలామంది దీన్ని సెకనుకి 25 ఫ్రేములుగా చేసేస్తారు. అంటే 50 సార్లు తీసిన కదలికలో సగం పారేసినట్టు. అక్షింతలు వేసే చెయ్యి కుదుపులుగా కదులుతుంది. బదులుగా ప్రతి ఫీల్డ్‌ని ఒక పూర్తి ఫ్రేమ్‌గా మార్చి, సెకనుకి 50 ఫ్రేములు చేయండి. టీవీలో చిన్నప్పుడు చూసిన ఆ మెత్తటి కదలిక తిరిగొస్తుంది. చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో డీ-ఇంటర్‌లేస్ దగ్గర "బాబ్" అనే ప్రీసెట్ ఎంచుకుని, ఫ్రేమ్ రేట్ 50 పెట్టండి. ఇంకా బాగా కావాలంటే హైబ్రిడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యూటీజీఎంసీ ఉంటుంది, నెమ్మదిగా చేస్తుంది కానీ రిజల్ట్ చాలా శుభ్రంగా ఉంటుంది. కోడెక్ హెచ్.264, క్వాలిటీ నంబర్ 16 నుంచి 18. చూపించే సైజ్ 768 బై 576, అంటే 4:3. పక్కన నల్ల పట్టీలు రానివ్వండి. స్క్రీన్ నిండాలని సాగదీస్తే తాతయ్య లావైపోతాడు, కత్తిరిస్తే తలపాగా పోతుంది.

బొమ్మ కింద అంచున కొన్ని లైన్లు చెదిరినట్టు కనిపిస్తాయి. అది ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారే చోటు, ప్రతి వీహెచ్‌ఎస్‌లోనూ ఉంటుంది. పాత టీవీ ఫ్రేమ్ వెనక దాక్కునేది. కావాలంటే ఆ భాగం మీద నల్ల పట్టీ వేయండి, బొమ్మని మాత్రం సాగదీయకండి.

షేర్ చేసేటప్పుడు

వాట్సాప్‌లో మామూలుగా వీడియోలా పంపితే అది మళ్లీ కంప్రెస్ చేస్తుంది, పడ్డ కష్టం అంతా వృథా. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు వెళ్తుంది. యూట్యూబ్‌లో పెట్టాలంటే, 720పీ కన్నా తక్కువ సైజ్‌లో 50 ఫ్రేములు చూపించదు. కాబట్టి అప్‌లోడ్ కాపీని మాత్రం 1440 బై 1080కి పెంచి పెట్టండి. సినిమా పాటలు ఉంటాయి కాబట్టి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, కంగారుపడకండి. యూట్యూబ్‌నే మీ బ్యాకప్ అనుకోకుండా ఉంటే చాలు.

ఏఐ సంగతి? వాడండి, తప్పు లేదు, కానీ కాపీ మీద వాడండి. ఏఐ మొహాన్ని స్పష్టం చేసేటప్పుడు టేప్‌లో లేని కళ్లు, లేని పళ్లు ఊహించి గీస్తుంది. 240 లైన్ల బొమ్మలో వెనక వరుసలో కూర్చున్న మనిషి మొహం చాలా కొద్ది చుక్కలే. ఏఐ ఇచ్చేది అందమైన మొహమే, కానీ అది మీ నాయనమ్మ కాదు. మసకగా ఉన్న అసలుది ఒకటి ఎప్పుడూ దాచుకోండి.

షాప్‌కి ఇస్తే ఏం అడగాలి?

అందరికీ ఇదంతా చేసే టైమ్ ఉండదు, తెలుసు. షాప్‌కి ఇవ్వండి, కానీ ఈ ప్రశ్నలు అడగండి. ఏ సైజ్‌లో క్యాప్చర్ చేస్తారు? 720 బై 576 ఇంటర్‌లేస్డ్ ఫైల్ ఇస్తారా? టీబీసీ ఉందా? హార్డ్ డిస్క్ తెస్తే కంప్రెస్ చేయని ఫైల్ ఇస్తారా? బూజు ఉన్న టేప్ వస్తే ఏం చేస్తారు? "డీవీడీ వేసిస్తాం" అంటే మాత్రం ఆలోచించండి. మూడు గంటల క్యాసెట్‌ని ఒకే డీవీడీలో కుక్కితే బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది, పైగా ఆ డీవీడీ కూడా కొన్నేళ్లకి చదవడం మానేయొచ్చు. ముందు ఒక్క క్యాసెట్ ఇచ్చి చూడండి, మొత్తం సంచి ఒకేసారి ఇవ్వకండి.

చివరిగా, ఫైల్ కనీసం మూడు చోట్ల ఉండాలి. ఒకటి మీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల దగ్గరో అక్కచెల్లెళ్ల దగ్గరో, ఒకటి క్లౌడ్‌లో. ఫైల్ పేరులో సంవత్సరం, ఊరు, ఎవరి ఫంక్షన్ అన్నది రాయండి. ఇంకొకటి, పెద్దవాళ్లు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఎవరు ఎవరో అడిగి రాసుకోండి. పిక్సెల్స్ ఎన్ని ఉన్నా, ఆ పేర్లు చెప్పే సాఫ్ట్‌వేర్ లేదు.

డిజిటల్ చేశాక క్యాసెట్ పారేయకండి. పూర్తిగా రివైండ్ చేసి, పుస్తకంలా నిలబెట్టి, పొడిగా ఉండే చోట పెట్టండి. రేపు ఇంకా మంచి పద్ధతి రావచ్చు. హెడ్ నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే నేరుగా రికార్డ్ చేసి, మిగతాదంతా సాఫ్ట్‌వేర్‌లో చేసే వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇప్పటికే నడుస్తోంది. దాని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, అటక మీద ఎన్ని క్యాసెట్లు ఉన్నాయో కనుక్కోండి. మొదటి పని అదే. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.